బల్బు మంచిదే... వెలుగేదీ?

పాత పికప్ బండికి లైటు చాలడం లేదంటే అందరూ ముందు బల్బు మారుస్తారు. చాలాసార్లు మార్చాల్సింది అది కాదు.

మామిడి సీజన్ మొదలైతే మైలవరం మీదుగా పోయే రోడ్డుకు అర్ధరాత్రి కూడా పట్టపగలే. రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో పొద్దున కోసిన బంగినపల్లి, కలెక్టరు, చిన్న రసం కాయలు సాయంత్రానికి బండెక్కుతాయి. చీకటి పడుతూనే బొలెరో పికప్పులు, టాటా ఏస్‌లు, ఇంకా పని మానని టాటా 207లు నున్న మార్కెట్టుకో, బెజవాడకో, హైదరాబాద్ వైపో బయల్దేరతాయి. వాటిలో పదిహేనేళ్లు దాటినవి తక్కువేం కాదు. ఇంజను గట్టిగానే ఉంటుంది. కమాన్ పట్టీలు ఎప్పటికప్పుడు మార్పిస్తారు. అప్పు చేసైనా టైర్లు వేయిస్తారు. లైట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'వెలుగుతున్నాయిగా' అని ఊరుకుంటారు.

ఆ రోడ్డేమో రాత్రిపూట అంత తేలికైంది కాదు. ఇబ్రహీంపట్నంలో ఒక కొస, ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో ఇంకో కొస ఉన్న 30వ నంబరు జాతీయ రహదారి ఇది. మన వైపు కొండపల్లి, జి.కొండూరు, మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం దారి పడుతుంది. దీని మీద థర్మల్ స్టేషన్ బూడిద లారీలుంటాయి, కంకర టిప్పర్లుంటాయి, వెనక ఎర్రలైటు గానీ రేడియం స్టిక్కరు గానీ లేని ట్రాక్టరు ట్రక్కులుంటాయి. కోతలప్పుడైతే రోడ్డు వారన ఆరబోసిన ధాన్యమో మొక్కజొన్నో, దాని మీద నల్ల పట్టా, పట్టా ఎగరకుండా చుట్టూ బండరాళ్లు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా ఎలా కనిపిస్తుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతున్నట్టు. రాయి కంటబడి, కాలు బ్రేకు మీదికి వెళ్లి, లోడు బండి ఆగేసరికి 50 మీటర్లు దాటిపోతుంది. మంచి కండిషన్లో ఉన్న డిప్పర్ లైటు రోడ్డు మీద చూపించే దూరం కూడా ఇంచుమించు అంతే. అంటే కొత్త బండికే లెక్క సరికి సరి. పాత బండిలో వెలుతురు మూడోవంతు తగ్గిందంటే, రాయి సంగతి తెలిసేది తగిలాకే.

మైలవరంలో గానీ, బెజవాడ ఆటోనగర్లో గానీ ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఈ మాటలు చెవిన పడతాయి:

"బాబాయ్, రాత్రిపూట ఏం కనపడట్లేదు. హండ్రెడ్ నైంటీ బల్బులు ఏసెయ్."

"ఏస్తాలే. స్విచ్చి కాలిపోతే మళ్లీ నా మీదకి రాకు."

"మరి ఎల్‌ఈడీ?"

"ముందు బండి స్టార్ట్ చెయ్యరా, మీటర్ పెట్టి చూద్దాం."

బల్బు అమ్ముకుంటే చేతికి డబ్బులొస్తాయి, మీటరు పెడితే ఏమీ రాదు. అయినా మీటరు తీసే మెకానిక్ దొరికితే అతణ్ని వదులుకోవద్దు.

మూడు పిన్నుల బల్బు

మన దగ్గర తిరిగే పాత పికప్పుల్లో చాలావాటికి వేసేది హెచ్4 రకం హాలోజన్ బల్బు. వెనక మూడు పిన్నులు, లోపల రెండు ఫిలమెంట్లు. డబ్బా మీద '12 వోల్టులు 60/55 వాట్లు' అని ఉంటుంది. 60 అప్పర్‌కి, 55 డిప్పర్‌కి. కారు లైట్లలోకి హాలోజన్ బల్బు యూరప్‌లో 1962లో వచ్చింది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టిన హెచ్4 వచ్చింది 1971లో. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ దుకాణంలో ఎక్కువగా అడిగేది దాన్నే.

ఆ బల్బును ఓసారి పగటి వెలుగులో పట్టుకుని చూడండి, గాజు ముట్టుకోకుండా. డిప్పర్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్ప ఒకటి కనిపిస్తుంది. ఆ ఫిలమెంట్ వెలుగు కిందికి దిగకుండా అది అడ్డుపడుతుంది. దాంతో వెలుతురు రిఫ్లెక్టరు పై సగానికే తగిలి, అక్కణ్నుంచి వంగి రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కంట్లో పడకుండా చూసే ఏర్పాటంతా ఆ గోరంత రేకులో ఉంది. అప్పర్ ఫిలమెంటుకు దొప్ప లేదు కాబట్టి రిఫ్లెక్టరు మొత్తం వెలుగుతుంది. ఇదంతా ఫిలమెంట్ ఉండాల్సిన చోట, మిల్లీమీటరు తేడా లేకుండా ఉన్నప్పుడే పనిచేస్తుంది. నాసిరకం బల్బులో ఫిలమెంట్ కాస్త పక్కకో వెనక్కో ఉంటుంది. అది వెలుగుతుంది, తెల్లగా కూడా ఉంటుంది, కానీ వెలుతురు చెట్ల కొమ్మల మీద పడుతుంది. అందుకే కొనేటప్పుడు బల్బు అడుగున లోహం మీద చిన్న వలయంలో ఇంగ్లిషు 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె ఉన్నాయేమో చూడాలి. యూరప్ ప్రమాణాలకు సరిపోయిందని ఆమోదించిన గుర్తు అది. పేరున్న కంపెనీ మామూలు హెచ్4 బల్బు మూడు వందల రూపాయల లోపే వస్తుంది. 'యాభై శాతం ఎక్కువ వెలుగు' అని రాసి ఉన్నవి నిజంగానే కాస్త బాగుంటాయి గానీ, వాటి ఫిలమెంటును గట్టిగా మండిస్తారు కాబట్టి తొందరగా పోతాయి. నీలం పూత పూసినవి మాత్రం వద్దు. ఆ పూత కొంత వెలుతురును లోపలే మింగేస్తుంది.

శివారు భూమికి నీళ్లు అందనట్టు

ఇక అసలు కథ. ఆ 60/55 బల్బు 13.2 వోల్టులు అందితే అప్పర్‌లో సుమారు 1,650, డిప్పర్‌లో సుమారు 1,000 ల్యూమెన్ల వెలుగివ్వాలని ప్రమాణం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది. పాత బండిలో అది ఫ్యూజు దాటి, స్టీరింగ్ కింద అరిగిపోయిన కాంబినేషన్ స్విచ్ దాటి, నాలుగుచోట్ల టేపు చుట్టిన సన్నటి వైర్ల మీదుగా, చిలుము పట్టిన హోల్డరు దాకా రావాలి. కాలువకు తలాపున నీళ్లు నిండుగానే ఉంటాయి, శివారు రైతు మడికి మాత్రం తడి అందదు. ఇక్కడ జరిగేదీ అదే.

వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు తగ్గేది 10 శాతం కాదు, దాదాపు 30 శాతం. ఫిలమెంట్ వేడిని బట్టి వెలుగు పెరగడం, తరగడం అలాగే ఉంటుంది. రెండు వైపులా డిప్పర్లు కలిసి లాగేది ఇంచుమించు 9 ఆంపియర్లు. దారిలో ఎక్కడో 0.15 ఓముల అడ్డు తగిలితే చాలు, 1.3 వోల్టులు గాల్లో కలిసిపోయినట్టే. ఆ పోయిన శక్తి వేడిగా మారి హోల్డరును, స్విచ్చును కాలుస్తుంది. ఇప్పుడు ఇదే వైరింగుకు 100/90 బల్బులు తగిలిస్తే ఏమవుతుంది? కరెంటు 15 ఆంపియర్లకు పోతుంది, దారిలో నష్టం అంతకంతా పెరుగుతుంది, హోల్డరు ప్లాస్టిక్ మెత్తబడి కాలిన వాసన మొదలవుతుంది. ఖర్చు పెట్టినంత వెలుగు రోడ్డుకు చేరదు.

పరీక్ష చాలా సులువు. ఇంజను ఆన్, లైటు ఆన్, హోల్డరు బల్బుకే తగిలించి ఉండాలి. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి, ఎర్ర పిన్నును హోల్డరు వెనక కరెంటు వచ్చే వైరు కొసకు తాకించండి. బ్యాటరీ దగ్గర చూపించిన అంకెకు అర వోల్టుకు మించి తేడా ఉందా, వైరింగో స్విచ్చో తప్పు చేస్తోంది. తర్వాత ఎర్ర పిన్నును హోల్డరులో ఎర్త్ వైరు మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. 0.2, 0.3 వచ్చిందంటే ఎర్త్ పట్టు తప్పింది. బాడీకి ఎర్త్ వైరు బిగించిన చోట బోల్టు విప్పి, తుప్పును ఇసుక కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనిపించాక మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు రాయాలి. ఈ ఒక్క పనితో సగం బళ్లకు పోయిన చూపు తిరిగొస్తుందని నా నమ్మకం. ఒక వైపు లైటు మాత్రమే మసకగా ఉన్నా, ఇండికేటరు వేసినప్పుడల్లా హెడ్‌లైటు కూడా కొట్టుకుంటున్నా అనుమానం మొదట ఎర్త్ మీదికే పోవాలి.

స్విచ్చే అరిగిపోయిందనుకుంటే రిలే పెట్టించుకోవడం మేలు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు నేరుగా లైట్ల దగ్గరికి వస్తుంది. పాత స్విచ్చు పని ఇక రిలేను లేపడం వరకే, దాని మీదుగా పోయే కరెంటు ఆంపియరులో నాలుగోవంతు కూడా ఉండదు. ఎవరైనా 100/90 అడిగితే, ముందు 60/55కే రిలే వేయించి ఒక రాత్రి నడిపి చూడమనండి. తర్వాత చాలామంది ఆ సంగతి ఎత్తరు.

దీనికి తిరకాసు కూడా ఉంది. నెలకో బల్బు పోతోందంటే వోల్టేజీ తక్కువై కాదు, ఎక్కువై. వోల్టేజీ 5 శాతం పెరిగినా బల్బు ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మీటరు 15 దగ్గరికి చూపిస్తే ఆల్టర్నేటర్ రెగ్యులేటరు చూపించుకోవాలి.

డూము లోపల

కరెంటు సరిగ్గా అందినా, బల్బు కూర్చునే డూము మసకబారితే ఫలితం లేదు. పాత టాటాలకు, పాత మహీంద్రాలకు గుండ్రటి గాజు డూములుండేవి. అవి పగులుతాయే గానీ పచ్చబడవు. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ అద్దాలు మన ఎండకు నాలుగైదేళ్లలో మజ్జిగ రంగుకు తిరుగుతాయి. ఎండలోని అతినీల కిరణాలు పైనున్న రక్షణ పూతను తినేస్తాయి, ఆపైన ప్లాస్టిక్కే చెడుతుంది. 800, 1000, 2000 నంబరు వాటర్ పేపర్లతో తడిపి వరసగా రుద్ది, పాలిష్ కొట్టి, చివర్లో ఎండను ఆపే క్లియర్ కోట్ వేస్తే బాగుపడుతుంది. ఆ చివరి పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. టూత్‌పేస్టు చిట్కా ఒక పెళ్లి ట్రిప్పుకు పనికొస్తుంది, సీజన్ మొత్తానికి కాదు.

లోపలి రిఫ్లెక్టరు సంగతి వేరు. దాని మీదుండేది అల్యూమినియం పలచటి పూత, ఊదితే ఎగిరేంత. బట్ట పెట్టి తుడిచారంటే వెండి మెరుపు బట్టకు అంటుకుని వచ్చేస్తుంది. దుమ్ము పడితే గాలి కొట్టించడం వరకే. నీళ్లు చేరితే ఇంకా కష్టం. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో పొంగి, డైవర్షన్ కాలువ గట్లు తెగి బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన బళ్లు మొత్తంగా నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన బండికి ఇంజను, సీట్లు బాగు చేయించినా డూములో నీటి గీత అలాగే ఉండిపోతుంది. ఆ గీత కింద మెరుపు ఉండదు, బురద తెరే ఉంటుంది. అలాంటి డూముకు కొత్త బల్బు వేయడం డబ్బు దండగ. డూమే మార్చాలి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మనం ఎడమ వైపు నడిపేవాళ్లం కాబట్టి డిప్పర్ వెలుగు ఎడమ పక్కన కాస్త ఎత్తుగా పడాలి, నడిచిపోయేవాళ్లు కనిపించడానికి. గోడ మీద వేసి చూసినప్పుడు ఎత్తు కుడి వైపు కనిపిస్తే ఆ డూము మన రోడ్ల కోసం తయారైంది కాదు. కుడి వైపు నడిపే దేశాలది. దాంతో ఎదురొచ్చే ప్రతివాడి చేతా తిట్లు తినాల్సిందే.

ఇక దసరా. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని చూసి, బండికి పూజ చేయించి, రెండు లైట్ల అద్దాల మీదా పసుపు రాసి ఇంత బొట్టు పెడతారు. భక్తిని ఎవరూ కాదనరు. కానీ ఎండిన పసుపు దీపావళి దాకా అద్దం మీదే ఉంటుంది. బొట్టు బానెట్ మీద పెట్టినా అమ్మవారు ఏమీ అనుకోదు.

బల్బు మార్చే పద్ధతి

లైటు ఆర్పి, బల్బు చల్లారనివ్వాలి. హోల్డరును వైర్లు పట్టుకుని లాగకుండా, దాని ఒళ్లు పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తిన్నగా వెనక్కి తీయాలి. తర్వాత రబ్బరు టోపీ, దాని కింద తీగ క్లిప్పు. క్లిప్పును నొక్కి పక్కకు తప్పిస్తే బల్బు వచ్చేస్తుంది. కొత్తదాన్ని లోహపు అడుగు పట్టుకునే పెట్టాలి. వేళ్ల జిడ్డు, చెమట ఉప్పు గాజుకు అంటితే వెలిగేటప్పుడు ఆ చోట వేడి ఎక్కువై గాజు దెబ్బతింటుంది. పొరపాటున ముట్టుకుంటే శుభ్రమైన బట్టను స్పిరిట్‌తో తడిపి తుడవాలి. బల్బుకున్న మూడు చెవుల్లో వెడల్పాటిది పైకి రావాలి. తిన్నగా కూర్చోకపోయినా క్లిప్పు బలవంతంగా పడుతుంది. అప్పుడు బల్బు వంకరగా ఉండి వెలుతురంతా ఆకాశానికి పోతుంది. రబ్బరు టోపీ చుట్టూ అంచు దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి. దాన్ని పారేసి తిరిగే బళ్లే వానాకాలం డూము లోపల మంచు పట్టించుకునేవి.

తీసిన బల్బును చూసినా జబ్బు తెలుస్తుంది. గాజు లోపల నల్లబడితే అది ముసలిదైపోయింది. తెల్లటి పాల పొర ఉంటే గాలి చొరబడింది. హోల్డరు పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగు తిరిగి గరుకుగా ఉంటే, బల్బుతో పాటు హోల్డరునూ మార్చాలి. ఒక వైపు పోతే రెండు వైపులా మార్చడమే మంచిది. ఒకేసారి వేసినవి కాబట్టి రెండోది కూడా ఎంతో దూరంలో ఉండదు, అదీ ఏ తిరువూరు దాటాకో పోతుంది.

ఎల్‌ఈడీ మోజు

కొత్త కార్లు కంపెనీ నుంచే ఎల్‌ఈడీ లైట్లతో వస్తున్నాయి. వాటికి డూము మొత్తం ఎల్‌ఈడీ కోసమే తయారవుతుంది. మనం మాట్లాడుతున్నది హాలోజన్ డూములో హెచ్4 స్థానంలో దూర్చే ఎల్‌ఈడీ బల్బు గురించి. ఫిలమెంట్ సన్నటి తీగ, చుట్టూ వెలుగిస్తుంది. ఎల్‌ఈడీ ముక్కలు ఒక పలకకు రెండు వైపులా అతికించి ఉంటాయి. వెలుగు పుట్టే చోటు, ఆకారం రెండూ మారిపోయాయి కాబట్టి పాత రిఫ్లెక్టరు దాన్ని ఎక్కడికి పంపాలో అక్కడికి పంపదు. బండి ముందు పది మీటర్ల మేర పాల వెలుగు పరుచుకుంటుంది, డ్రైవరుకు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. దూరాన ఉన్న రాయి మాత్రం మునుపటి కన్నా మసక. దగ్గరి వెలుగుకు కన్ను అలవాటు పడితే దూరపు చీకటి మరింత చిక్కబడుతుంది. వెనక ఫ్యాను ఉండటం వల్ల రబ్బరు టోపీ కూడా పట్టదు.

జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు. అదీ ఫలానా కారు, ఫలానా డూముకు పరీక్ష చేసి ఆమోదించిన జాబితా ప్రకారమే. మన దుకాణాల్లో దొరికేవాటికి అలాంటి జాబితా లేదు. చట్టం తరఫున చూస్తే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదవదగ్గది. బండికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని లైటు మిరుమిట్లు గొలపకూడదు అంటుందది. అనుమతి లేని మార్పుగా తేలితే 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

డ్రైవర్ల బాధ అర్థం కానిది కాదు. ఎదురుగా పెద్ద కార్లు తెల్లటి అప్పర్ వేసుకుని ఆర్పకుండా వస్తుంటే, 'మనమూ వేద్దాం, అప్పుడు తెలుస్తుంది' అనిపిస్తుంది. కానీ రాత్రి పదకొండుకు ఆ రోడ్డు మీద ఎదురొచ్చేది కార్లే కాదు. డ్యూటీ దిగి వెనకాల ఇంకొకణ్ని ఎక్కించుకుని ఇంటికి పోయే టూవీలర్ కుర్రాడూ వస్తాడు. కళ్లు బైర్లు కమ్మి మూడు సెకన్లు గుడ్డివాడైతే, 60 వేగంలో అతను 50 మీటర్లు చూడకుండా పోయినట్టు. అతనికి ఎడమ పక్కన మళ్లీ అదే నల్ల పట్టా, అవే బండరాళ్లు. ఎదురు వెలుగు భరించలేనప్పుడు చూపును రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత మీదికి దించి, వేగం తగ్గించడం మించిన ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

లోడెక్కాకే ఫోకస్

పికప్ బండికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇది. ఖాళీ బండికి పెట్టిన ఫోకస్ లోడెక్కితే తప్పుతుంది. వెనక పట్టీలు 6 సెంటీమీటర్లు కుంగాయనుకుందాం. చక్రాల మధ్య దూరం 3 మీటర్లయితే, వెలుగు ప్రతి 3 మీటర్లకు 6 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 50 మీటర్ల దగ్గర అది ఏకంగా మీటరు. మునుపు రోడ్డు మీద పడుతున్న డిప్పర్ వెలుగు ఇప్పుడు సరిగ్గా ఎదురొచ్చేవాడి కళ్ల ఎత్తులో ఉంటుంది. పాపం డ్రైవరేమో డిప్పర్‌లోనే పోతున్నానని అనుకుంటూ ఉంటాడు, ఎదుటివాడు ఎందుకు లైటు కొడుతున్నాడో అర్థం కాదు. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 అంకెలున్న చక్రం కొన్ని బళ్లకు ఉంటుంది, అది ఇందుకే. లేని బండికి సీజన్లో రోజూ మోసేంత లోడు ఎక్కించి ఫోకస్ పెట్టించాలి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెలుగు కాస్త దగ్గరగా పడుతుంది. ఆ తిరుగు ప్రయాణం ఎటూ తెల్లవారాకే కాబట్టి నష్టం లేదు.

గోడ పరీక్షకు మిల్లు గోడో, బడి ప్రహరీయో చాలు. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి కూర్చోవాలి. ముందు గోడకు ఆనించి హెడ్‌లైటు మధ్య భాగం ఎత్తును సుద్దతో గీయండి. 5 మీటర్లు వెనక్కి తీసి డిప్పర్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు 5 సెంటీమీటర్ల కింద ఉండాలి. అంటే మీటరుకు సెంటీమీటరు పల్లం. డూము వెనక రెండు స్క్రూలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. పావు చుట్టు తిప్పి గోడ వంక చూడటం, మళ్లీ పావు చుట్టు. తొందరపడితే కుదరదు. కొత్త పట్టీలు వేయించినా, డూము మార్చినా, ముందు చిన్న గుద్దు తగిలినా ఈ పని మళ్లీ చేయాలి. రవాణా బండి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా ఎలాగూ ఉంటుంది. ఫోకస్ ఆ ముందు రోజు హడావుడిగా పెట్టించేకన్నా మామిడి కోతలకు ముందు పెట్టించుకుంటే ఆ సీజనంతా అక్కరకొస్తుంది.

మార్చిన జతలో ఇంకా వెలుగుతున్న పాత బల్బు ఒకటి ఉంటుంది కదా, దాన్ని పారేయొద్దు. కొత్త బల్బు వచ్చిన డబ్బాలోనే పెట్టి, స్పానర్లు లేని చోట, డాష్‌బోర్డు అరలో ఉంచండి. దాని పక్కన మీ బండికి సరిపడే ఫ్యూజులు రెండు, చిన్న టార్చి ఒకటి. హోల్డరు ఎటు లాగాలో ఓసారి పగలే చేసి చూసుకుంటే, జి.కొండూరు దాటాక చీకట్లో లైటు ఆరిపోయినా పావుగంటలో బండి మళ్లీ కదులుతుంది.